దూరం తెలియని చూపు: సైనిక పరారుణ చిత్రాల్లో గుర్తుతెలియని వస్తువులు

2022 డిసెంబరు 7వ తేదీన వికారాబాదు జిల్లా మర్పల్లి మండలంలోని మొగిలిగుండ్ల గ్రామ పొలాల్లో ఒక భారీ వస్తువు ఆకాశం నుంచి దిగింది. గుండ్రంగా ఉన్న ఆ వింత ఆకారాన్ని చూడడానికి చుట్టుపక్కల గ్రామాల జనం విరగబడ్డారు. అన్య గ్రహాల నుంచి వచ్చిన నౌక అన్న మాట చూస్తుండగానే ఊళ్లు దాటింది. విచారించగా తేలినదేమంటే, అది స్పెయిన్ దేశపు హాలో స్పేస్ సంస్థ తయారుచేసిన పరీక్షా నమూనా. లోపల మనుషులెవరూ లేరు. హైదరాబాదులో టాటా మౌలిక పరిశోధన సంస్థ నడిపే బెలూన్ కేంద్రం నుంచి దాన్ని పెద్ద బెలూన్‌కు కట్టి 37 కిలోమీటర్ల ఎత్తుకు పంపారు. పరీక్ష ముగిశాక అది పొలంలో వాలింది.

ఆ వస్తువు చేతికి అందింది కాబట్టి సందేహం ఒక్క పూటలో తీరిపోయింది. కాని నేలకు దిగని వస్తువుల మాటేమిటి? యుద్ధ విమానాల కెమెరా తెరల మీద మెరిసి మాయమైన వాటి గురించి ప్రపంచమంతటా ఏళ్ల తరబడి వాదోపవాదాలు జరుగుతున్నాయి. 2017 డిసెంబరులో న్యూయార్క్ టైమ్స్ పత్రిక అమెరికా నౌకాదళ విమానాలు తీసిన చిత్రాలను బయటపెట్టింది. 2020 ఏప్రిల్ 27న ఆ దేశ రక్షణ శాఖ స్వయంగా మూడు చిత్రాలను విడుదల చేసింది. అవి నిజమైన సైనిక చిత్రాలేనన్న విషయంలో అనుమానం లేదు. వాటిలో కనిపించేది ఏమిటన్నదే ప్రశ్న. ఈ ప్రశ్నను శాస్త్రీయంగా పరిశీలిస్తే, తగాదా అంతా ఎక్కువగా ఒక్క చోటికే వచ్చి ఆగుతుంది. అది దూరం.

పరారుణ కెమెరా చూసేది ఏమిటి?

వేసవిలో నల్లగొండ, దేవరకొండ ప్రాంతాల గుట్టల దగ్గర సాయంత్రం నిలబడిన వారికి ఒక అనుభవం ఉంటుంది. పొద్దు గుంకి చాలాసేపైనా బండరాయి దగ్గర వేడి తగులుతూనే ఉంటుంది. రాయిని తాకనక్కర లేదు. పగలంతా ఎండలో కాగిన రాయి ఆ వేడిని కంటికి కనబడని కిరణాల రూపంలో వెదజల్లుతుంది. వీటినే పరారుణ కిరణాలు, లేక ఇన్‌ఫ్రారెడ్ కిరణాలు అంటారు. 1800లో విలియం హెర్షెల్ సూర్యకాంతిని పట్టకంతో విడదీసి, ఎరుపు రంగుకు అవతల ఏ వెలుగూ లేని చోట ఉష్ణమాపకం పెట్టి వీటి ఉనికిని కనుగొన్నాడు.

సైనిక విమానాల్లో అమర్చే పరారుణ కెమెరా ఈ కిరణాలను పట్టి బొమ్మగా మారుస్తుంది. చీకటిలోనూ పనిచేస్తుంది కాబట్టి అది సైన్యానికి ఎంతో అవసరం. కాని అది చూపించేది వస్తువు రూపం కాదు, వస్తువుకూ దాని వెనుక ఉన్న నేపథ్యానికీ మధ్య గల వేడి తేడా. ఒక పద్ధతిలో వేడి వస్తువు తెల్లగా కనిపిస్తుంది, మరో పద్ధతిలో నల్లగా కనిపిస్తుంది. మీట మారిస్తే తెలుపు నలుపవుతుంది. తెర మీది నల్లని మచ్చను చూసి వస్తువే నల్లనిదని అనుకోకూడదు. రెక్కలు కనిపించలేదు కాబట్టి రెక్కలు లేవనీ అనుకోకూడదు. దూరపు విమానంలో ఇంజను వేడి ఒక్కటే కెమెరాను ముంచెత్తుతుంది. అప్పుడు విమానం కన్న పెద్దదైన ఒక వెలుగు ముద్ద తెర మీద పడి రెక్కలనూ తోకనూ కప్పివేస్తుంది.

నేలా వస్తువూ ఒకే వేడిలో ఉంటే ఈ కెమెరా తడబడుతుంది కూడా. హైదరాబాదులోని రీసెర్చ్ సెంటర్ ఇమారత్ మన నాగ్ క్షిపణి కోసం పరారుణ చూపును తయారుచేసింది. రాజస్థాన్ ఎడారిలో మండు వేసవిలో జరిపిన పరీక్షల్లో ఇసుక వేడి, లక్ష్యం వేడి దగ్గరపడి దానికి ఇబ్బంది ఎదురైంది. తర్వాత మెరుగైన గ్రాహకాలు అమర్చవలసి వచ్చింది. ఎంత గొప్ప పరికరానికైనా ఒక హద్దు ఉంటుందని దీన్నిబట్టి గ్రహించాలి.

బస్రా పండితుడు చెప్పిన సూత్రం

ఒక కిలోమీటరు దూరాన ఉన్న ఒక మీటరు వస్తువూ, పది కిలోమీటర్ల దూరాన ఉన్న పది మీటర్ల వస్తువూ తెర మీద ఒకే పరిమాణంలో కనిపిస్తాయి. వేగం విషయమూ అంతే. దగ్గరి పిట్ట, దూరపు విమానం ఒకే సమయంలో తెరను దాటవచ్చు. కెమెరాకు తెలిసేది కోణం మాత్రమే. దూరం తెలియనిదే పరిమాణమూ లేదు, వేగమూ లేదు.

ఈ సూత్రం కొత్తది కాదు. క్రీ.శ. 965 ప్రాంతంలో బస్రాలో జన్మించిన ఇబ్ను అల్ హైతమ్ తన 'కితాబుల్ మనాజిర్'లో దీన్ని విపులంగా చర్చించాడు. ఆ గ్రంథం మూడవ భాగం దృష్టి దోషాలకే కేటాయించబడింది. కన్ను వస్తువు పరిమాణాన్ని కోణంతో మాత్రమే నిర్ణయించదు, కోణాన్ని దూరంతో కలిపి నిర్ణయిస్తుంది అన్నాడాయన. ఆ దూరం మనకు ఎలా తెలుస్తుంది? మధ్యనున్న నేల, చెట్లు, ఇళ్లు వరుసగా కనిపించడం వల్ల. మధ్యలో ఏదీ లేని ఆకాశంలో కన్ను దూరాన్ని ఊహిస్తుంది, ఊహ తప్పితే పరిమాణమూ తప్పుతుంది. చెదురుమదురు మబ్బులు వేగంగా కదులుతుంటే వాటి వెనుక చంద్రుడే పరుగెత్తుతున్నట్లు తోస్తుందని కూడా ఆయన వివరించాడు. ఈ గ్రంథంపై కమాలుద్దీన్ అల్ ఫారిసీ రాసిన 'తన్‌ఖీహుల్ మనాజిర్' అనే వ్యాఖ్యానాన్ని 1928-30లో ప్రచురించినది మన హైదరాబాదులోని దాయిరతుల్ మఆరిఫ్ సంస్థే. ఈ విద్య మనకు పరాయిది కాదు.

పరుగెత్తింది వస్తువా, విమానమా?

అమెరికా విడుదల చేసిన మూడింటిలో ఒక దాని పేరు 'గో ఫాస్ట్'. 2015లో ఆ దేశపు తూర్పు తీరం దగ్గర తీసినది. సముద్రపు నీటిని రాసుకుంటూ ఒక చిన్న వస్తువు బాణంలా దూసుకుపోతున్నట్లు అందులో కనిపిస్తుంది. పైలట్లు ఆశ్చర్యంతో కేకలు వేస్తారు. కాని తెర మీదనే కొన్ని అంకెలున్నాయి. విమానం ఎత్తు 25,000 అడుగులు, అంటే 7.6 కిలోమీటర్లు. ఒక క్షణంలో వస్తువు దూరం 4.4 నాటికల్ మైళ్లు, అంటే సుమారు 8.1 కిలోమీటర్లు. కెమెరా కిందికి చూస్తున్న కోణం 26 డిగ్రీలు. హైస్కూలు త్రికోణమితి తెలిసిన విద్యార్థి చాలు. ఆ కోణానికి సైన్ విలువ 0.44. దాన్ని 8.1తో హెచ్చిస్తే వస్తువు విమానానికి సుమారు మూడున్నర కిలోమీటర్లు కింద ఉన్నట్లు తేలుతుంది. అంటే అది నీటి మీద లేదు, నీటికి నాలుగు కిలోమీటర్ల పైన, దాదాపు 13,000 అడుగుల ఎత్తున ఉంది.

మరి ఆ వేగం? నల్లగొండ నుంచి దేవరకొండకు బస్సులో వెళ్లేవారు కిటికీలోంచి చూస్తే రోడ్డు పక్క వేపచెట్టు వెనక్కు పరుగెడుతుంది, దూరపు గుట్ట మెల్లగా కదులుతుంది, చంద్రుడు మాత్రం బస్సుతో పాటే వస్తాడు. కదిలేది బస్సు. ఆ యుద్ధ విమానం గంటకు సుమారు 680 కిలోమీటర్ల వేగంతో పోతూ నడిమి ఎత్తున ఉన్న వస్తువును చూసింది. వెనుక దూరాన సముద్రం ఉంది. విమానం కదలిక వస్తువు కదలికలా తోచింది. 2023 సెప్టెంబరు 14న నాసా నియమించిన స్వతంత్ర నిపుణుల బృందం తన నివేదికలో ఈ లెక్కే చూపి, వస్తువు వేగం గంటకు 40 మైళ్లు, అంటే 64 కిలోమీటర్ల దరిదాపు అని తేల్చింది. అది ఆ ఎత్తున వీచే గాలికి ఉండదగిన వేగమే. ఆ వస్తువు బెలూనా మరొకటా అన్నది వేరే విషయం. అసాధారణ వేగమన్న మాట మాత్రం నిలవలేదు.

రాడార్ చూసినా పోల్చుకోలేదు

2014 నవంబరు 11న చిలీ నౌకాదళ హెలికాప్టరు ఒకటి పరారుణ కెమెరాతో వింత వస్తువును చిత్రించింది. వస్తువు వెనుక రెండుసార్లు వేడి మేఘం వెలువడింది. రాడార్ దగ్గర విచారిస్తే అక్కడ గుర్తుతెలియనిది ఏదీ లేదన్నారు. ఆ దేశపు అధికార సంఘం రెండేళ్లు పరిశోధించి కూడా తేల్చలేక 2017 జనవరిలో చిత్రాన్ని ప్రజల ముందుంచింది. కొద్ది రోజుల్లోనే విమానాల రాకపోకల లెక్కలు చూసిన ఔత్సాహికులు చిక్కుముడి విప్పారు. అది శాంటియాగో నుంచి మాడ్రిడ్‌కు బయలుదేరిన ఐబీరియా సంస్థ ప్రయాణికుల విమానం. మేఘమనుకున్నది దాని వెనుక ఏర్పడిన ఆవిరి చార. సాక్షులు దాన్ని దగ్గరగా, తమ ఎత్తునే ఉన్నట్లు అనుకున్నారు. వాస్తవంలో అది ఇంకా ఎత్తున, ఇంకా దూరాన ఉంది. రాడార్‌కు అది కనిపించకపోవడం కాదు, పేరు తెలిసిన విమానంగా కనిపించింది. వెతికే వారు తప్పు చోట వెతికారు.

2004 మార్చి 5న మెక్సికో వైమానిక దళ విమానం కాంపెచే రాష్ట్రం మీద పదకొండు వెలుగులను పరారుణ తెర మీద చూసింది. కంటికి ఏమీ కనిపించలేదు. ఎంత దూరం పోయినా అవి వెంట వస్తున్నట్లు తోచి సిబ్బంది భయపడ్డారు. పరిశీలకులు ఆ దిక్కులను పటం మీద గీసి చూస్తే అవి కాంపెచే అఖాతంలోని చమురు బావుల వైపు చూపించాయి. బావుల దగ్గర మండే వాయువు జ్వాలలు మబ్బుల మీదుగా కనిపించాయి. దూరపు చంద్రుడు బస్సు వెంట వచ్చినట్లే దూరపు జ్వాలలు విమానం వెంట వచ్చాయి. మన వాడపల్లి, మట్టపల్లి వైపు సిమెంటు కర్మాగారాల బట్టీలను రాత్రివేళ విమానం నుంచి పరారుణ కెమెరాతో చూసినా ఇలాంటి వెలుగు ముద్దలే కనిపిస్తాయి.

కనుబొమ్మ మీది వెంట్రుక

కొన్నిసార్లు వింత వస్తువు ఆకాశంలో ఉండదు, చూసే సాధనంలోనే ఉంటుంది. ఈ సందర్భంలో చరిత్ర గ్రంథాల్లో ప్రసిద్ధమైన ఒక ఉదంతం గుర్తుచేసుకోవాలి. నెలవంక కోసం చూస్తున్న వారిలో సుమారు నూరేళ్ల వయసున్న హజ్రత్ అనస్ బిన్ మాలిక్ (రజి) ఉన్నారు. ఆయన తమకు నెలవంక కనిపించిందన్నారు. మరెవరికీ కనిపించలేదు. తర్వాత బస్రా ఖాజీగా పేరుపొందిన ఇయాస్ బిన్ ముఆవియా ఆ పెద్దాయన కనుబొమ్మ నుంచి ఒక తెల్ల వెంట్రుక వంగి కంటికి అడ్డుగా ఉండడం గమనించారు. దాన్ని సున్నితంగా సరిచేసి మళ్లీ చూడమన్నారు. ఈసారి నెలవంక కనిపించలేదు. ఆ మహనీయుని సత్యసంధతను ఎవరూ శంకించలేదు. సాక్షి నిజాయితీ వేరు, సాక్ష్యం సరైనదా కాదా అన్న పరిశీలన వేరు.

2019లో అమెరికా యుద్ధ నౌక మీదినుంచి రాత్రి చూపు పరికరంతో తీసిన చిత్రాల్లో మిణుకుమిణుకుమనే త్రికోణాలు ఎగురుతూ కనిపించాయి. గురి సరిగా కుదరనప్పుడు ప్రతి వెలుగు చుక్కా కెమెరా లోపలి రంధ్రం ఆకారాన్నే తొడుక్కుంటుంది. త్రికోణం ఆకాశానిది కాదు, పరికరానిది. 2022 మే 17న ఆ దేశ ప్రతినిధుల సభ సంఘం ముందు రక్షణాధికారులే ఈ సంగతి చెప్పారు.

'గింబల్' అనే మరో ప్రసిద్ధ చిత్రంలో వస్తువు గాలిలో ఉన్నట్టుండి పక్కకు తిరుగుతుంది. పరిశోధకుడు మిక్ వెస్ట్ చెప్పిన వివరణ ప్రకారం అది దూరపు ఇంజను వేడి నుంచి పుట్టిన మెరుపు. లక్ష్యాన్ని వెంటాడుతూ కెమెరా తన ఇరుసు మీద తిరిగినప్పుడు ఆ మెరుపు కూడా తిరిగింది. దీన్ని అందరూ ఒప్పుకోలేదు. ఆనాటి రాడార్ లెక్కలు ప్రజలకు అందుబాటులో లేవు కాబట్టి ఆ వస్తువు ఫలానా విమానమని ఇంకా రుజువు కాలేదు. తిరగడానికి మాత్రం కెమెరా కదలికే చాలునన్నది బలమైన వాదన.

మన సరిహద్దుల్లో

మన సైన్యానికీ ఇలాంటి అనుభవమే ఎదురైంది. లడఖ్ సరిహద్దుల్లో 2012 ఆగస్టు నుంచి 2013 ఫిబ్రవరి వరకు సైనికులు వెలుగు వస్తువులను 329 సార్లు నమోదు చేశారు. అవి చైనా నిఘా పరికరాలేమోనన్న ఆందోళన కలిగింది. బెంగళూరులోని భారత ఖగోళ భౌతిక సంస్థ శాస్త్రవేత్తలు పరిశీలించి అవి గురు, శుక్ర గ్రహాలని తేల్చారు. 2023 నవంబరు 19న ఇంఫాల్ విమానాశ్రయం దగ్గర గుర్తుతెలియని వస్తువు కనిపించిందని సుమారు మూడు గంటలు రాకపోకలు ఆపివేశారు. వైమానిక దళం రఫేల్ విమానాలను పంపి వెతికించినా ఏదీ దొరకలేదు.

ఇది వినోదం కోసం చేసే చర్చ కాదు. 2023 ఫిబ్రవరిలో చైనా బెలూన్‌ను కూల్చిన వారం రోజులకే అమెరికా, కెనడా ఆకాశంలో మరో మూడు వస్తువులను క్షిపణులతో కూల్చారు. అవి బహుశా ప్రైవేటు సంస్థలవో, పరిశోధనా సంస్థలవో అయిన బెలూన్లు కావచ్చునని తర్వాత అధ్యక్షుడు బైడెన్ ప్రకటించారు. అణ్వాయుధాలున్న దేశాల సరిహద్దులో శుక్రగ్రహాన్ని శత్రువుగా పొరబడితే దాని పర్యవసానం ఎంత దూరం పోతుందో ఊహించుకోవచ్చు.

తెలియనిది తెలియనిదిగానే

అన్నిటికీ వివరణ దొరికిందని చెప్పడం కూడా సత్యం కాదు. 2021 జూన్ 25న వెలువడిన అమెరికా ప్రభుత్వ ప్రాథమిక నివేదిక 144 సంఘటనలను పరిశీలించి, గట్టి నమ్మకంతో ఒక్క దాన్నే గుర్తించగలిగింది. అది గాలి తగ్గిపోతున్న ఒక పెద్ద బెలూన్. ఎనభై సంఘటనల్లో ఒకటికి మించిన పరికరాలు వస్తువును గమనించాయి. మిగిలిన వాటిని తేల్చడానికి సమాచారం చాలలేదు. ఇందుకోసమే ఏర్పాటైన రక్షణ శాఖ కార్యాలయం 2024 మార్చిలో ఇచ్చిన నివేదిక, అన్య గ్రహాల సాంకేతికత అనడానికి ఎక్కడా ఆధారం దొరకలేదని చెప్పింది. 'గుర్తుతెలియనిది' అన్న మాట ఆ వస్తువు గుణాన్ని చెప్పదు, మన దగ్గరున్న సమాచారం ఎంతో చెబుతుంది.

మనలో కొందరు ఇవి జిన్నులని అంటూంటారు. జిన్నులున్నారన్నది మన విశ్వాసం. కాని ఫలానా తెర మీది ఫలానా మచ్చ జిన్ను అనడం విశ్వాసం కాదు, అది ఒక సాక్ష్యం. సాక్ష్యానికి ఆధారం కావాలి. ఒక్క నెలవంకను ఒప్పుకోవడానికే ఏ దిక్కున, ఎంత ఎత్తున, కొమ్ములు ఎటు తిరిగి కనిపించాయని మన పెద్దలు సాక్షిని నిలబెట్టి అడుగుతారు. ఆ శ్రద్ధే ఇక్కడా అవసరం.

మనం చేయగలిగింది

హైదరాబాదు బెలూన్ కేంద్రం ప్రయోగాల కాలంలో పత్రికల్లో ప్రకటనలు ఇస్తుంది. పరికరాలు దిగే అవకాశం ఉన్న జిల్లాల్లో నల్లగొండ, మహబూబ్‌నగర్ కూడా ఉంటాయి. 50 నుంచి 85 మీటర్ల వెడల్పున్న పలుచని పాలిథీన్ బెలూన్లు 30 నుంచి 42 కిలోమీటర్ల ఎత్తున తేలుతాయి. అంత ఎత్తున సూర్యకాంతి మన నేల మీద కన్న సుమారు పాతిక నిమిషాలు ముందే తాకుతుంది. కాబట్టి తెల్లవారుజామున ఊరంతా చీకటిలో ఉండగానే బెలూన్ ఒక్కటే తళతళ మెరుస్తుంది. పొలంలో దిగిన పరికరాన్ని విప్పకూడదు, కదిలించకూడదు. కొన్నిటిలో అధిక విద్యుత్తు ఉండవచ్చు. పోలీసులకు గాని, పోస్టాఫీసుకు గాని తెలియజేయాలి. చెడగొట్టకుండా కాపాడిన వారికి తగిన పారితోషికం కూడా ఇస్తారు.

ఆకాశంలో ఉన్నదాని దూరం కనుక్కోవడం మనకు అసాధ్యమేమీ కాదు. హైదరాబాదు మీద 35 కిలోమీటర్ల ఎత్తున ఒక బెలూన్ ఉందనుకుందాం. నల్లగొండ, మహబూబ్‌నగర్ పట్టణాలు రెండూ హైదరాబాదుకు నేరుగా సుమారు 90 కిలోమీటర్ల దూరాన ఉన్నాయి. రెండు చోట్లా అది దిక్చక్రానికి సుమారు 21 డిగ్రీల ఎత్తున కనిపిస్తుంది. చెయ్యి బారచాపి పిడికిలి బిగిస్తే ఆ వెడల్పు పది డిగ్రీల దరిదాపు. అంటే రెండు పిడికిళ్ల ఎత్తు. నల్లగొండ వాసికి అది పడమటి వాయవ్యాన తమ గుట్ట మీదే ఉన్నట్లుంటుంది. మహబూబ్‌నగర్ వాసికి ఈశాన్యాన తమ ఊరి చివరే ఉన్నట్లుంటుంది. ఇద్దరూ నిజమే చెబుతారు, ఇద్దరి అంచనా పొరపాటే. కాని ఇద్దరూ ఒకే నిమిషంలో చూసిన దిక్కును, ఎత్తును రాసుకుని పటం మీద రెండు గీతలు గీస్తే, ఆ గీతలు కలిసే చోట వస్తువు దొరుకుతుంది. దూరం తెలిస్తే పరిమాణం తెలుస్తుంది, వేగం తెలుస్తుంది. అల్ బీరూనీ నందనా కోట దగ్గర కొండ ఎత్తు కొలిచింది కూడా రెండు చోట్ల నుంచి కోణం చూసే.

అందుచేత ఆకాశంలో వింత ఏదైనా కనిపిస్తే ముందు గడియారం చూడాలి, తర్వాత దిక్కు, తర్వాత పిడికిళ్లతో ఎత్తు. ఆ మూడూ కాగితం మీద పెట్టి, పొరుగు జిల్లాలోని బంధువుకు ఫోను చేసి అతనికి ఎటు కనిపిస్తున్నదో అడగాలి. ఆ తర్వాతే దానికి పేరు పెట్టాలి.